ఊపిరితిత్తిలో నాడ్యూల్: వెతికిపెట్టే చిన్న డిటెక్టర్

పెద్దలకు, మన విజయనగరం విద్యార్థులకు నమస్కారం.

ఊపిరితిత్తిలో 3 సెంటీమీటర్లకు మించని గుండ్రటి మచ్చను నాడ్యూల్ అంటారు. సీటీ రిపోర్టులో ఆ మాట చూడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే ముందుగా చెబుతున్నాను, నాడ్యూల్ అంటే క్యాన్సరని కాదు. క్షయ మిగిల్చిన గడ్డ కూడా అలాగే కనబడుతుంది. పెట్ స్కాన్‌లో ఇచ్చే రేడియోధార్మిక గ్లూకోజును క్యాన్సర్ కణాలే కాదు, చురుగ్గా ఉన్న క్షయ గడ్డ కూడా పీల్చుకుని వెలుగుతుంది. 8 మిల్లీమీటర్ల లోపువైతే పెట్‌లో సరిగా తేలవు. అలాంటప్పుడు కొందరికి ముక్క తీసి పరీక్షించక తప్పదు.

తీయడానికి ముందు అది దొరకాలి కదా! చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్‌లో ఆ వైపు ఊపిరితిత్తి గాలి పోయి ముడుచుకుపోతుంది. స్కాన్‌లో చూసిన చోటు చూసినట్టు ఉండదు. చేయి పెట్టి తడిమే వీలు తక్కువ. మెత్తటి నాడ్యూలైతే తడిమినా తెలియదు.

దీనికో ఉపాయం ఉంది. ముందుగా సీటీలో చూస్తూ, నాడ్యూల్ దగ్గర సూదితో టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన అల్బుమిన్ (ఒక ప్రోటీన్) రేణువులు ఎక్కిస్తారు. అవి అక్కడే నిలుస్తాయి. టెక్నీషియం అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 6 గంటలే కాబట్టి ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. సర్జన్ సన్నటి ప్రోబ్‌ను లోపలికి పంపుతారు. దాని కొసన ఉన్న చిన్న స్ఫటికానికి గామా కిరణం తగిలితే బయట బీప్ వినిపిస్తుంది.

ఇంత చిన్న స్ఫటికం ఎలా చాలుతుంది? దగ్గరగా వెళ్లగలదు కాబట్టి! సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాలి కదా, అదే లెక్క. 20 సెంటీమీటర్ల నుంచి 1 సెంటీమీటరుకు వస్తే, చిన్న మూలం నుంచి అందే కిరణాలు సుమారు 400 రెట్లవుతాయి.

పక్కల నుంచి వచ్చే కిరణాలను ఆపడమే కష్టం. టెక్నీషియం గామా శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోబ్ చుట్టూ 1 మిల్లీమీటరు సీసం ఉంటే తొంభై శాతానికి పైగా ఆపేస్తుంది. పెట్ గ్లూకోజులో ఉండే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 వల్ల వచ్చే గామా కిరణాల శక్తి 511. వాటిని సగానికి తగ్గించడానికే దాదాపు 4 మిల్లీమీటర్ల సీసం కావాలి. సన్నటి గొట్టంలో అంత చోటెక్కడిది? అందుకే కొందరు పరిశోధకులు గామాను వదిలి, ఫ్లోరిన్-18 వెదజల్లే పాజిట్రాన్లనే (ధనావేశమున్న ఎలక్ట్రాన్ లాంటి కణాలు) పట్టే డిటెక్టర్లు తయారుచేశారు. కణజాలంలో అవి రెండు మిల్లీమీటర్లు దాటడమే గగనం, దూరపు గోల ఇక ఉండదు. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది.

ముక్క కోశాక దానిమీద ప్రోబ్ పెడతారు, బీప్‌లు రావాలి. కోసిన చోట బాగా తగ్గాలి. అది క్యాన్సరా, క్షయా అన్నది మాత్రం పాథాలజిస్టే తేల్చాలి.

ఇక ప్రశ్నలు అడగండి.