పెద్ద కాలువ తెరిచాక, పిల్లకాలువల సంగతి

సభకు నమస్కారం.

గుండెపోటు వచ్చిన మనిషికి స్టెంట్ వేశాక డాక్టరు బయటికొచ్చి, "బ్లాక్ తీసేశాం, రక్తం పారుతోంది" అంటారు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజమే, ప్రాణం నిలబెట్టేది ఆ పనే. కానీ తెరుచుకున్నది పెద్ద కాలువ. మడిలోకి నీళ్లు చేర్చేవి పిల్లకాలువలు. గుండెలో ఆ పిల్లకాలువలే కేశనాళికలు, దాదాపు ప్రతి కండరకణం పక్కనా ఒకటి ఉంటుంది. రక్తం ఆగిన ఆ కాసేపట్లో వాటి లోపలి పొర ఉబ్బుతుంది. గడ్డల తునకలు, తెల్లరక్తకణాలు అందులో ఇరుక్కుంటాయి. అందుకే పెద్ద నాళం తెరిచినా కొందరిలో రక్తం కండరం దాకా చేరదు. వైద్యులు దీన్ని నో-రీఫ్లో అంటారు. గుండె తర్వాత్తర్వాత నీరసించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ పిల్లకాలువలను మూలకణాల్లాంటి కణాలు ఎక్కించి బాగుచేయగలమా అన్నదే ఈ రోజు నా విషయం.

1997లో అసహారా, ఇస్నర్ అనే పరిశోధకుల బృందం పెద్దవాళ్ల రక్తంలో తిరిగే కొన్ని కణాలకు నాళపు లోపలిపొర కణాలుగా మారే లక్షణం ఉందని ప్రకటించింది. ఆశ ఎగసింది. 2001లో ఇంకో అడుగు ముందుకేసి, ఎముక మజ్జ కణాలు ఎలుక గుండెలో కండరంగానే మారుతున్నాయన్నారు. 2004లో వేరే బృందాలు అదే ప్రయోగం చేసి చూస్తే అలా మారడం కనిపించలేదు. 2001 నాటి పరిశోధన వెనకున్న అన్వెర్సా ప్రయోగశాల పత్రాలు 31 ఉపసంహరించాలని 2018లో హార్వర్డ్ కోరింది. ఈలోగా ఎంతమంది రోగులు ఆశపడ్డారో తలుచుకుంటే బాధేస్తుంది.

మనుషుల మీద ఫలితాలూ ఒక్కమాట మీద లేవు. 204 మందితో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన రిపేర్-ఏఎంఐ అనే పరీక్షలో, గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో బయటికి తోసే శాతం మజ్జ కణాలు ఎక్కించినవారిలో 5.5 పాయింట్లు, మిగతావారిలో 3 పాయింట్లు పెరిగింది. అదే ఏడాది ఫలితాలు వెలువడిన నార్వే పరీక్ష ఆస్టామీలో తేడాయే లేదు. మరణాలు తగ్గుతాయో లేదో తేల్చడానికి 3,000 మందితో తలపెట్టిన బామీ అనే పరీక్ష 375 మందితోనే ఆగిపోయింది.

మరి ఆ కాస్త మేలు ఎక్కడిది? ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్ది గంటల్లోనే కొట్టుకుపోతాయి. అవి ఇటుకలై గోడలో నిలబడవు. కబురు మోసుకొచ్చి వెళ్లిపోతాయి. వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెరగమనే ప్రోటీన్) లాంటి సంకేతాలు వదిలి, పక్కనున్న నాళాలను చిగురించమంటాయి. 2020లో ఎలుకల మీద ఇంకా వింతైన సంగతి తేలింది: చచ్చిన కణాలు ఎక్కించినా కొంత మేలు జరిగింది! వాటిని చూసి ఒంటి రక్షణ కణాలే కదిలి, గుండెకు తగిలిన గాయపు మచ్చను మరమ్మతు చేశాయి. నా లెక్కలో ఈ రంగాన్ని మలుపు తిప్పిన ఫలితం ఇదే.

చిగురిస్తే చాలదు. వీఈజీఎఫ్ అదుపు తప్పితే నాళాలు కారుతూ, చిక్కుపడి, గడ్డల్లా పెరుగుతాయని ఎలుకల్లో చూశాం. కొత్త నాళాన్ని బయటినుంచి పట్టుకునే పెరిసైట్ కణాలు చేరాలి, అది పెద్ద ధమనితో కలవాలి. ఇప్పుడు యమనాక పద్ధతిలో, అంటే పెద్దవాళ్ల కణాలను మళ్లీ మూలకణాల్లా మార్చే పద్ధతిలో, చర్మకణాల నుంచి నాళకణాలు తయారుచేసి, గుండెకు పట్టీలా అతికించే ప్రయత్నాలు సాగుతున్నాయి.

డబ్బు తీసుకుని మూలకణాలు ఎక్కిస్తామనే చోటికి మాత్రం దయచేసి వెళ్లకండి. నమోదైన క్లినికల్ ట్రయల్‌కు పిలుపొస్తే, రెండు ప్రశ్నలు అడగండి. ఎక్కించిన కణాల్లో గుండెలో ఎన్ని నిలుస్తున్నాయి? కేశనాళికల్లో రక్తం పారుతోందో లేదో ఎమ్మారైతో చూస్తున్నారా?