పాత ఎంజీబీ వేడెక్కుతోందా? రేడియేటర్ విప్పే ముందు మూత కొలవండి

నమస్తే అండీ. వెనక కనిపిస్తున్నది నా 1966 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రాత్రి నుంచి ఇంజన్ ఆపే ఉంది కాబట్టి ఈ రేడియేటర్ మూత మీద ధైర్యంగా చెయ్యి వేస్తున్నా. వేడి మీద ఉంటే మాత్రం గుడ్డ చుట్టి కూడా తిప్పకండి. లోపలి ప్రెషర్ ఒక్కసారిగా పోయి, నీళ్లు మరుగుతూ మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

పోయిన ఎండాకాలం మాసాబ్‌ట్యాంక్ నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 ఎక్కితే చాలు, సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి పోయేది, కింద ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్లు కారేవి. రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించాను. హోస్‌లన్నీ మార్చాను. అయినా అదే తీరు. చివరికి రాణిగంజ్‌లో రేడియేటర్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన స్పానర్ కూడా పట్టుకోలేదు. మూత తీసి, తిరగేసి, అడుగు రబ్బరు నాకు చూపించాడు. "సార్, ఇది కూసుంటలేదు, చూడుండ్రి. గీత పడలే."

అదే మూత ఇది. దగ్గరగా చూపిస్తాను. నెలల తరబడి వాడినా రబ్బరు నున్నగా, కొత్తదానిలాగే ఉంది. లోపల రబ్బరు కూర్చునే ఇత్తడి అంచును, అంటే సీటును, గట్టిగా నొక్కి ఉంటే గుండ్రంగా గాడి పడాలి కదా!

ఈ పాత కార్ల మూతల్లో ముప్పావు అంగుళం లోతువి, 1 అంగుళం లోతువి, రెండు రకాలున్నాయి. పైనుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి, ఒక్కలాగే లాక్ అవుతాయి. నా రేడియేటర్ మెడ లోతు, ఇదిగో వెర్నియర్ పెడుతున్నా, 1 అంగుళం. దానికి నేను కొన్నది ముప్పావు అంగుళం మూత. పైన లాక్ పడింది, కింద సీటుకు రబ్బరు అందలేదు. ప్రెషర్ అంతా ఓవర్‌ఫ్లో పైపులోంచి పోయింది. అందుకే మోడల్ పేరు చెప్పి కొనకండి. మెడ అంచు నుంచి సీటు దాకా కొలిచి, ఆ కొలత పట్టుకుని కొట్టుకి వెళ్లండి.

ప్రెషర్‌కి ఎందుకింత విలువ అంటే, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 10 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 10 పౌండ్ల ప్రెషర్ ఆపే మూత సరిగ్గా పట్టుకుంటే అదే నీరు దాదాపు 114 దాకా ఆగుతుంది. మూత పట్టకపోతే సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ముందు ఆవిరి పుట్టి, నీళ్లను బయటికి నెట్టేస్తుంది.

మరి 15 పీఎస్‌ఐ వేస్తే ఇంకా మంచిది కదా అని చాలామంది అడుగుతున్నారు. నేను వేయను. కారు వేడి దాంతో తగ్గదు. పైగా అరవై ఏళ్ల హీటర్ మీద, టంకం అతుకుల మీద భారం పడుతుంది. మూత మీద 0.9 అని ఉంటే అది బార్‌లలో లెక్క, సుమారు 13 పీఎస్‌ఐ.

మూత మధ్యలో చిన్న ఇత్తడి బిళ్ల చూశారా? గోటితో లాగి వదిలితే టక్కున వెనక్కి పోవాలి. ఇంజన్ చల్లారేటప్పుడు గాలి లోపలికి వచ్చే దారి ఇదే. ఇది బిగుసుకుపోతే పొద్దునకల్లా పై హోస్ నొక్కుకుపోయి కనిపిస్తుంది.

ఇక థర్మోస్టాట్ సంగతి, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని వాల్వు. మన దగ్గర మెకానిక్‌లు "ఎండలు కదా" అని పీకి పారేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా అరుగుతుంది. వేడి ప్రాంతాలకు ఎంజీబీకి చెప్పింది 74 డిగ్రీలది, నేను వేసింది అదే. బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి తెరుచుకుంటుందో లేదో చూడండి.

అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్, దీని 1798 సీసీ ఇంజన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ-సిరీస్ కుటుంబమే. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మెకానిక్ దొరికితే వదలకండి. వాటర్ పంపు మాత్రం పాతది పక్కన పెట్టి పోల్చాకే కొనండి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. 1967 దాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. వైర్లు అటూ ఇటూ అయితే ఫ్యాన్ తిరగబడి గాలిని ముందుకు తోస్తుంది. నా కారులో డైనమో, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో దాని ఛార్జింగ్ అంతంత మాత్రమే, ఫ్యాన్ బ్యాటరీని తినేస్తుంది. అందుకే నేను పెట్టలేదు.

కూలెంట్‌లో బోరు నీళ్లు కలపకండి, డిస్టిల్డ్ వాటరే. మెడ దాకా నింపొద్దు, ఓ అంగుళం ఖాళీ ఉంచండి. లేదంటే మొదటి రోజే ఆ మేరకు బయటికి తోసేస్తుంది, మీరు కంగారు పడతారు.

ఇప్పుడు నేను వాడుతున్న 1 అంగుళం, 10 పీఎస్‌ఐ మూత విప్పుతున్నా. ఎనిమిది నెలలైంది. ఇదిగో రబ్బరు, వెలుతురు ఇటు పెడతాను... చుట్టూతా గాడి, ఎక్కడా తెగలేదు.