సాయిల్ టెస్ట్ చేయించారు సరే, ఏ టెస్టు?

నమస్కారం. బెంగళూరులో ఫ్లాటు కొనే మన తెలుగువాళ్ల జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. ఖాతా, అంటే కార్పొరేషన్‌లో ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు, చూస్తారు, స్థలం లావాదేవీల చిట్టా అయిన ఈసీ ముప్పై ఏళ్లది తీయిస్తారు, ఊళ్లో ఉన్న లాయరు బావకు దస్తావేజులు వాట్సాప్‌లో పంపిస్తారు. వాస్తు సంగతి సరేసరి. స్థలం ఎవరెవరి చేతులు మారిందో ఈ కాగితాలన్నీ చెబుతాయి. ఆ నేలలో ఏం ఒలికిందో మాత్రం ఒక్కటీ చెప్పదు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, ఊరి నడుమ పెద్ద స్థలాలు మిగిలింది పాత ఫ్యాక్టరీల ఆవరణల్లోనే. బిన్నీ మిల్లు స్థలంలో అపార్టుమెంట్లు ఎప్పుడో లేచాయి. రేపు పారిశ్రామిక వాడ పీణ్యా వంతు రావచ్చు. అక్కడ ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్లు ఎక్కువ. కుళాయికీ బైకు విడిభాగాలకూ మెరుపు తెచ్చే ఆ పూత తొట్లలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. పీణ్యా భూగర్భజలాల్లో అది బయటపడి చాలా ఏళ్లయింది. షెడ్డు కూల్చేసినంత మాత్రాన తొట్టి కింద ఇంకింది ఎక్కడికీ పోదు.

సేల్స్ ఆఫీసులో అడగండి, "సాయిల్ టెస్ట్ చేయించాం సార్" అంటారు. అబద్ధం కాదు. కానీ ఆ పరీక్షలో చేసేది వేరు. అరవై మూడున్నర కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. నేల ఇరవై అంతస్తుల బరువు మోస్తుందా లేదా అన్నది తేలుతుంది. అదే నేలలో సీసం ఉన్నా, క్రోమియం ఉన్నా, సుత్తికి తెలియదు.

విషం సంగతి తేల్చే పరీక్ష కాగితాలతో మొదలవుతుంది. ఫ్యాక్టరీ పాత ప్లాను తీసి, యాసిడ్ తొట్లు ఏ మూల ఉండేవి, డీజిల్ ట్యాంకు ఎక్కడ పాతారు, వ్యర్థాలు ఏ గోడవతల పోశారు అని వెతకాలి. అక్కడ పనిచేసి రిటైరైన ఒక ఫోర్‌మన్ దొరికితే సగం పని అయినట్టే. ఆ తర్వాతే అనుమానం ఉన్నచోట బోరు వేసి, లోతులవారీగా మట్టి, నీటి నమూనాలు ల్యాబుకు పంపాలి.

దీనికి డబ్బు ఎవరు పెడతారు? భూ యజమాని పెట్టడు, ఫలితం చెడుగా వస్తే ధర పడిపోతుంది. బిల్డరుకు తొందర. బ్యాంకుకు టైటిల్ సరిగ్గా ఉంటే చాలు. కొనేవాళ్లకు పరాయి స్థలంలో గునపం దించే హక్కు లేదు. తెలుసుకోకపోవడంలోనే అందరికీ లాభం ఉన్నప్పుడు, తెలుసుకునే ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. నా వాదన అంతే.

అమెరికాలో ఇది 1995లో మొదలైంది, 2002లో చట్టమైంది. పాత పారిశ్రామిక స్థలాల పరీక్షకు అక్కడి పర్యావరణ సంస్థ స్థానిక ప్రభుత్వాలకు గ్రాంటు ఇస్తుంది. కలుషితం చేసినవాడికి మాత్రం పైసా ఇవ్వదు. 2021లో ఈ పథకానికి అదనంగా నూట యాభై కోట్ల డాలర్లు కేటాయించారు.

"ఫ్యాక్టరీవాడి పాపానికి నా పన్ను డబ్బా?" అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలతో నేల, నీళ్లు పాడైన రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం సంగతి చూడండి. పాడుచేసినవాడే కట్టాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. 2011లో అదే కోర్టు మళ్లీ రూ.37 కోట్ల పైచిలుకు మొత్తాన్ని వడ్డీతో సహా కట్టమని చెప్పాల్సి వచ్చింది. పదిహేనేళ్లు! కాబట్టి పరీక్ష ఖర్చు ముందు ప్రభుత్వం పెట్టి, తర్వాత వాడి దగ్గర ముక్కుపిండి వసూలు చేసుకోవాలి. శుభ్రం చేసే బిల్లు ఎలాగూ వాడిదే.

మనకూ 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నియమాలు తెచ్చింది. అప్పటికి దేశంలో గుర్తించిన స్థలాలు 103, శుభ్రం చేసే పని మొదలైంది ఏడింటిలోనే. అనుమానం ఉన్న చోట్లను జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి నివేదించాలి, కాలుష్య నియంత్రణ మండలి తొంభై రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి. కాగితం మీద బాగానే ఉంది. అయితే అనుమానం రావాలంటే ఎవరో ఒకరు వెళ్లి చూడాలిగా!

మొదట సర్కారు తన సొంత భూమిలో చేసి చూపించాలి. బయ్యప్పనహళ్లిలో ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసి మూతపడిన ఎన్‌జీఈఎఫ్ స్థలం ఉంది. అది కలుషితమని నేననడం లేదు. పరీక్షించి, ఫలితాలు జనం ముందు పెట్టమంటున్నాను. ఆ స్థలంలో ధర పడిపోతుందని భయపడే ప్రైవేటు యజమాని లేడు కదా.

సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. మీ జిల్లా యంత్రాంగం ఇప్పటిదాకా ఏయే స్థలాలను అనుమానిత జాబితాలో పెట్టిందో అడగండి. జవాబు వస్తే, ఖాళీ జాబితా అయినా సరే, కింద కామెంట్లలో పెట్టండి. వచ్చే వీడియోలో వాటిని చదువుతాను.