ఫొటోలను పీడీఎఫ్ చేయడానికి ఏ కమాండ్ మంచిది? మూడు పనిముట్ల రివ్యూ

నమస్కారం. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట వినపడుతుంది: "ఈ ఫొటోలన్నీ కలిపి ఒక పీడీఎఫ్ చేసివ్వండి." షాపతను ఏదో ఉచిత వెబ్‌సైటు తెరుస్తాడు. పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్ కార్డు, దస్తావేజు, అన్నీ ఎవరిదో తెలియని సర్వర్‌కు ఎక్కుతాయి. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఆ కాగితాలు తర్వాత ఎక్కడ ఉంటాయని ఎవరూ అడగరు. ఇదే పనిని ఇంటర్నెట్ లేకుండా, ఒక్క ఫొటో కూడా మన కంప్యూటర్ దాటకుండా, టెర్మినల్‌లో (విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్) ఒకే వరుస కమాండ్ కొట్టి ముగించే పనిముట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో మూడింటిని ఈ రోజు చూద్దాం. తీర్పు కోసం వీడియో చివరిదాకా లాగను: ఫొటోలను పీడీఎఫ్‌గా మార్చడమే మీ పని అయితే ఐఎంజీ2పీడీఎఫ్ తీసుకోండి. మిగతా రెండూ మంచివే, కానీ అవి పుట్టింది వేరే పనుల కోసం.

పరీక్షకు తీసుకున్న కాగితాలు మా బాబాయివి. పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉంది. బ్యాంకు రుణం కోసం పాత దస్తావేజు కావాల్సి వచ్చి, ఫోనులో ఫొటోలు తీసి పంపాడు. "ఒరేయ్, ఇవన్నీ ఒకే ఫైలుగా కావాలట, అక్షరాలు మాత్రం కనపడాలట" అన్నాడు. రివ్యూకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

ముందుగా ఇమేజ్‌మ్యాజిక్. 1987లో డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తున్నప్పుడు జాన్ క్రిస్టీ దీన్ని మొదలుపెట్టారు, 1990లో అందరికీ ఉచితంగా విడుదలైంది. కమాండ్ తేలిక: మ్యాజిక్ అని కొట్టి, ఫొటోల పేర్లు ఇచ్చి, చివర కొత్త పీడీఎఫ్ పేరు ఇస్తే చాలు. పాత ఆరో వెర్షన్‌లో మ్యాజిక్ బదులు కన్వర్ట్ అని ఉండేది. విండోస్ వాడేవారు ఆ పాత పేరు జోలికి వెళ్లకండి. విండోస్‌లో కన్వర్ట్ అనే సొంత కమాండ్ ఒకటి ఎప్పటినుంచో ఉంది. అది మార్చేది ఫొటోలను కాదు, డిస్కు ఫైల్ సిస్టమ్‌ను!

ఉబుంటు లినక్స్ వాడేవారికి ఇంకో తలనొప్పి. చాలా వెర్షన్లలో ఈ కమాండ్ కొట్టగానే భద్రతా విధానం ఒప్పుకోదంటూ ఎర్రర్ వస్తుంది. పీడీఎఫ్‌లు చదవడానికి ఇమేజ్‌మ్యాజిక్ ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే పనిముట్టు మీద ఆధారపడుతుంది; 2018లో అందులో లోపాలు బయటపడ్డాక పీడీఎఫ్‌కు అలా తాళం వేశారు. ఇమేజ్‌మ్యాజిక్ అనుమతులు రాసి ఉండే పాలసీ ఫైలులో ఆ వరుసను మొత్తంగా తీసేయమని చాలామంది సలహా ఇస్తారు, అంత అవసరం లేదు. అక్కడ నన్ (none) అని ఉన్నచోట రైట్ (write) అని రాస్తే పీడీఎఫ్ తయారుచేయడానికి మాత్రమే అనుమతి వస్తుంది. చదవడానికి తాళం అలాగే ఉంటుంది, ప్రమాదమంతా చదవడంలోనే ఉంది కదా.

నా అసలు ఫిర్యాదు ఇది కాదు. ఫోను ఫొటోలు మామూలుగా జేపెగ్ అనే కుదించిన ఫార్మాట్‌లో ఉంటాయి. ఇమేజ్‌మ్యాజిక్ ఆ జేపెగ్‌ను పూర్తిగా విప్పి, మళ్లీ కుదించి పీడీఎఫ్‌లో పెడుతుంది. జేపెగ్‌ను కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ఒక్కసారికి కంటికి ఆనదు. కానీ బాబాయి ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి, అంటే ఒకసారి కుదింపు అప్పటికే అయిపోయింది. తెర మీద చూడండి, బాగా పెద్దది చేస్తున్నాను. దస్తావేజులో లక్ష్మమ్మ అనే పేరు ఉంది. పై అక్షరాలు బాగానే ఉన్నాయి. క్ష కింద ఉన్న మ వత్తు చుట్టూ బూడిద రంగు చుక్కలు పేరుకున్నాయి, సన్నని గీత కాగితం మడతలో కలిసిపోతోంది. తలకట్లు, వత్తులు ఇంత సన్నగా ఉండే లిపికి ఇది చిన్న నష్టం కాదు.

ఇప్పుడు ఐఎంజీ2పీడీఎఫ్. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది. ఉబుంటులో ఆప్ట్, విండోస్‌లో పిప్ అనే ఇన్‌స్టాల్ కమాండ్లతో వస్తుంది. ఫైళ్ల పేర్లు, హైఫన్ ఓ, కొత్త పేరు, అంతే. జేపెగ్ డేటాను ఉన్నదున్నట్లుగా మోయగల ఏర్పాటు పీడీఎఫ్ ఫార్మాట్‌లోనే ఉంది. ఈ పనిముట్టు దాన్ని వాడుకుని, ఉత్తరాన్ని కవరులో పెట్టి అంటించినట్లు ఫొటోను లోపల పెట్టి ఊరుకుంటుంది. నమ్మకం లేకపోతే పీడీఎఫ్ఇమేజెస్ అనే కమాండ్‌తో ఫొటోను తిరిగి బయటికి తీయండి, ఒక్క పిక్సెల్ తేడా కనపడదు. మళ్లీ కుదించే పని లేదు కాబట్టి వేగమూ ఎక్కువే.

దీనికీ మొండితనం ఉంది. పేజీ సైజు చెప్పకపోతే, ఫొటోలో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) రాసి లేనప్పుడు అంగుళానికి 96 పిక్సెళ్లని అనుకుంటుంది. 4000 పిక్సెళ్ల పొడవున్న ఫోను ఫొటో అప్పుడు మీటరు దాటిన పేజీ అవుతుంది! ప్రింటుకు ఇచ్చేటట్లయితే పేజ్‌సైజ్ ఏ4 అని తప్పక చేర్చండి. కొన్ని ఫోన్లు ఫొటో ఏ వైపు తిరిగి ఉందో తప్పుగా రాస్తాయి, అప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. రొటేషన్ దగ్గర ఇఫ్‌వాలిడ్ అని ఇస్తే ముందుకు కదులుతుంది. పారదర్శకత ఉన్న పీఎన్‌జీ బొమ్మలను దీని పాత వెర్షన్లు అసలు ముట్టుకోమనేవి. అలా ఆగిపోతే ముందు ఇమేజ్‌మ్యాజిక్‌తో వాటికి తెల్ల నేపథ్యం వేయాలి. ఇలా ఆగిపోవడం నాకు నచ్చింది. అడగకుండా ఫొటోను పాడుచేసే పనిముట్టు కంటే, చేయనని ముఖం మీద చెప్పేదే నయం.

ఏ కమాండ్ వాడినా ఫైళ్ల పేర్లు చూసుకోండి. నక్షత్రం గుర్తు పెట్టి అన్నీ ఒకేసారి ఇస్తే 10వ పేజీ 2వ పేజీ కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. 01, 02 అని పేర్లు పెడితే గొడవ ఉండదు. ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఫొటోలైతే ముందు హీఫ్ కన్వర్ట్ అనే కమాండ్‌తో జేపెగ్ చేసుకోవాలి.

మూడోది ఘోస్ట్‌స్క్రిప్ట్. ఫొటోలను తగ్గించకుండా పెట్టాం కాబట్టి నాలుగేసి మెగాబైట్లవి పది పెడితే పీడీఎఫ్ నలభై దాకా వస్తుంది, కొన్ని పోర్టళ్లు రెండు మెగాబైట్లు మించితే వద్దంటాయి. అక్కడ ఇది అక్కరకొస్తుంది. పీడీఎఫ్ సెట్టింగ్స్‌లో ఈబుక్ అంటే బొమ్మలను 150 డీపీఐకి, స్క్రీన్ అంటే 72కి దించుతుంది. తెలుగు కాగితాలకు స్క్రీన్ వద్దే వద్దు, వత్తులన్నీ చుక్కలైపోతాయి. అసలు పీడీఎఫ్‌ను దాచుకుని, పోర్టల్‌కు ఈబుక్ ప్రతి ఇవ్వండి.

షాపు నడిపేవారికి ఒక మాట. రోజంతా కమాండ్లు కొడుతూ కూర్చోనక్కర్లేదు. ఏ4 సైజుతో సహా ఆ వరుసను నోట్‌ప్యాడ్‌లో రాసి బ్యాట్ ఫైలుగా దాచుకోండి. కస్టమర్ ఫొటోలను అదే ఫోల్డర్‌లో వేసి దాని మీద రెండుసార్లు నొక్కితే పీడీఎఫ్ వస్తుంది. ఆయన మెట్లు దిగేలోపు ఆ ఫోల్డర్ ఖాళీ చేయండి.