కారం ప్యాకెట్లకు ఏ రోబో ఆర్మ్? ముందు కాటా తీయండి

నమస్తే అండీ. గుంటూరులో కారం ప్యాకింగ్ చేసేవాళ్లూ, విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు బిగించేవాళ్లూ అడిగేది ఒకటే: "చిన్న రోబో ఆర్మ్ పెడదామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు?" పేరు చెప్పేముందు నేను కాటా తెప్పిస్తాను. ఇదిగో, చూడండి.

అరకిలో ప్యాకెట్లు 4, ఒక్కసారే ఎత్తి అట్టపెట్టెలో పెట్టాలి. 2 కిలోలు. 3 కిలోలు ఎత్తే రోబో చాలనిపిస్తుంది కదా? ఆగండి, ప్యాకెట్లని పట్టుకునే గ్రిప్పర్ కూడా పెడుతున్నా. సక్షన్ కప్పులు, అల్యూమినియం ప్లేటు, వాల్వు, గొట్టాలు. 1.4 కిలోలు వచ్చింది. మొత్తం 3.4. కేటలాగులో రాసే పేలోడ్‌లోనే, అంటే రోబో ఎత్తగల బరువులోనే, గ్రిప్పర్ బరువూ కలుస్తుందండీ. పైగా ఆ బరువు రోబో మణికట్టుకి ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కే. నీళ్ల బిందె చంకనెత్తుకోవడం వేరు, చెయ్యి చాపి పట్టుకోవడం వేరు కదా! ఈ పనికి నేనైతే 5 నుంచి 7 కిలోలవి చూస్తాను.

ఇక రకం. స్కారా అనే రకం రోబో ఆర్మ్‌కి 4 యాక్సిస్‌లు, అంటే కదిలే కీళ్లు. అడ్డంగా కాస్త ఒదుగుతుంది, నిలువునా బిగువుగా ఉంటుంది. రంధ్రంలోకి పిన్ను దించడానికీ, పైనుంచి స్క్రూ బిగించడానికీ చాలా బాగుంటుంది. జపాన్‌లో యమనాషి విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి మకినో బృందం దాన్ని తయారుచేసిందే అసెంబ్లీ కోసం, 1978లో. ఆటోనగర్ వాళ్లు ముందు దీన్నే చూడండి.

కానీ పడుకున్న ప్యాకెట్‌ని లేపి పెట్టెలో నిలబెట్టాలంటే మణికట్టు వంగాలి. అది స్కారా వల్ల కాదు, 6 యాక్సిస్‌లది కావాలి. ఉదాహరణకి ఫానుక్ ఎల్ఆర్ మేట్ 200ఐడి: పేలోడ్ 7 కిలోలు, రీచ్, అంటే చెయ్యి అందే దూరం, 717 మిల్లీమీటర్లు. నేల మీద చాక్‌పీసుతో అంత గీత గీసి, పెట్టె అవతలి మూల అందులోకి వస్తుందో లేదో చూసుకోండి.

గుంటూరులో అసలు చిక్కు కారం దుమ్ము. ఈ ప్యాకెట్‌ని వేలితో రాయండి, ఎర్రగా అంటుకుంది చూశారా? సక్షన్ కప్పు దీన్నే పీలుస్తుంది. మా మొదటి ట్రయల్ పొద్దున బ్రహ్మాండంగా నడిచింది, మధ్యాహ్నానికి ప్యాకెట్లు జారిపోవడం మొదలైంది. విప్పి చూస్తే గాలి పీల్చే ఎజెక్టర్ నిండా కారమే. తప్పు రోబోది కాదు, కప్పు వెనక ఫిల్టర్ పెట్టని మాది. అందుకని ఫిల్టర్ పెట్టండి, దుమ్మునీ నీళ్లనీ ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె 6 ఉన్న రోబోనే అడగండి. 6 అంటే దుమ్ము లోపలికి పోదు. స్కారా అయితే గ్రీజు రాసిన షాఫ్ట్ బయటే ఉంటుంది, దానికి మడతల బెలోస్ తొడుగున్న మోడల్ తీసుకోండి.

±0.02 మిల్లీమీటర్ల రిపీటబిలిటీకని, అంటే ప్రతిసారీ అదే చోటికి వచ్చే కచ్చితత్వానికని, ప్యాకింగ్‌లో ఎక్కువ డబ్బు పెట్టకండి. అది పిన్ను దించేవాళ్లకి కావాలి. సైకిల్ టైమ్ (ఒకసారి ఎత్తి పెట్టి తిరిగి రావడానికి పట్టే సమయం) అంకెనీ అలాగే నమ్మేయకండి, అది తేలిక బరువుతో తీసింది. డెమోకి వెళ్లేటప్పుడు మీ గ్రిప్పర్‌తో పాటు నాలుగు ప్యాకెట్లు సంచిలో వేసుకెళ్లండి. తుడిచినవి కాదు, కారం అంటినవే.