సగం చీర ఎక్కడికి పోయింది? (శ్రీకాకుళం వ్లాగ్)

హాయ్ అండీ, డల్లాస్ నుంచి వచ్చి నాలుగో రోజు. ఈరోజు అరసవల్లి వెళ్దామనుకున్నాం కానీ పొద్దున్నే పిన్ని ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "ఏట్రా ఇది? పల్లూ కనపడకపోతే చీర ఎవరు కొంటారు?"

పిన్ని ఇంట్లోనే పొందూరు ఖద్దరు చీరలు అమ్ముతుంది. స్టాక్ రాసుకోడానికి యాప్ చేసిచ్చింది నేనే. ఫోటోలు కూడా అందులోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోనే (యాప్ వివరాలన్నీ పట్టికలుగా దాచే ఫైల్) దాచాను. ఇప్పుడేమో చాలా చీరలకి పై సగం బాగుంది, కింద అంతా బూడిద రంగు.

ముందు డేటాబేస్ ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నా. ఉన్నదాని మీద ప్రయోగాలు చేస్తే ఉన్న సగం కూడా పోతుంది కదా! ఇంటెగ్రిటీ చెక్ (ఆ ఫైల్ చెడిపోయిందా అని చూసే పరీక్ష) కొడితే "ఓకే" అంది. అంటే పట్టికలు బాగానే ఉన్నాయి. లోపల దాచిన ఫోటో సరైనదో కాదో అది చూడదు.

అప్పుడు ఒక ఫోటో తీసి బైట్లు చూశా. జేపెగ్ ఫోటో ఫైల్ అయితే ఎఫ్ఎఫ్ డీ8 అనే బైట్లతో మొదలై ఎఫ్ఎఫ్ డీ9తో ముగియాలి. మొదలు ఉంది, చివర అన్నీ సున్నాలే! దొంగ దొరికాడండీ, నేనే. ఫోటో సైజుకి సరిపడా బిందె పెట్టి, కుళాయి ఒక్కసారి తిప్పి, నిండిపోయిందనుకుని మూత పెట్టేశా. కోడ్ లో రీడ్ (ఫైల్ చదివే కమాండ్) అని ఒకసారి అడిగితే మొత్తం ఇస్తుందని గ్యారంటీ ఏమీ లేదు, "ఇక అయిపోయింది" అని చెప్పే మైనస్ 1 వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. చిన్న ఫోటోలతో టెస్ట్ చేశా కాబట్టి అక్కడ తెలియలేదు.

కోడ్ సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. పనిలో పనిగా ఫోటోల్ని యాప్ ఫోల్డర్‌లోకి మార్చి, డేటాబేస్‌లో అవి ఎక్కడున్నాయో చెప్పే దారి (పాత్) మాత్రమే ఉంచా. ఆండ్రాయిడ్‌లో డేటాబేస్ పట్టికలో ఒక వరుస సుమారు 2 ఎంబీ దాటితే చదవడానికే మొరాయిస్తుంది, రేపు ఆ గొడవ కూడా ఎందుకు?

పాత ఫోటోలు మాత్రం రావు. ఆ సగం అసలు దాచనే లేదు కదా.

పిన్నికి చెప్తే ఒకటే నవ్వు. "పొందూరోళ్ళు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారురా. ఆ ఓపికలో పావు వంతు నీకుంటే బావుణ్ణు."

ఇదిగో, ఇప్పుడు మేడ మీదున్నాం. పిన్ని పల్లూ పట్టుకుంది, నేను ఫోటో తీస్తున్నా. ఇంకా 23 చీరలున్నాయి, ఎండ ఎక్కిపోతోంది. అరసవల్లి రేపు వెళ్దాంలెండి.