‘పెళ్లి చేసేయమంటున్నారండీ’: విశాఖ ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

నిర్వాహకురాలు: అందరికీ వందనాలండి. విశాఖపట్నం నుంచి మన శనివారం ఫోన్-ఇన్. మన పాస్టర్ అయ్యగారు స్టూడియోలోనే ఉన్నారు. సంక్రాంతి దగ్గర పడింది కదా, ఫోన్లు ఎక్కువగా దాని మీదే వస్తున్నాయి. ముందు గాజువాక నుంచి ఒక అమ్మ. చెప్పండమ్మా.

కాలర్: వందనాలు అయ్యగారూ. నేను బాప్తిస్మం తీసుకున్నాను, మా ఇంట్లో ఇంకెవరూ తీసుకోలేదు. పండగ రోజు మా అత్తయ్య పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ వాళ్ల ముందు పెట్టి, తర్వాత అందరికీ వడ్డిస్తారు. తినకపోతే ఆవిడ బాధపడతారు. తింటే మా చర్చి సంఘంలో తప్పంటారు. వారం నుంచి ఒకటే టెన్షన్.

అయ్యగారు: వంట ఎవరు చేస్తారమ్మా?

కాలర్: ఇద్దరం కలిసే. అరిసెలు నేనే వత్తుతాను.

అయ్యగారు: వత్తండి. అరిసెలు చేయడం పూజ కాదు. మీలాంటి ఇబ్బందే ఆ రోజుల్లో కొరింథు పట్టణంలోని విశ్వాసులకూ ఉండేది. వాళ్లకు రాసిన ఉత్తరం, మొదటి కొరింథీ 10వ అధ్యాయంలో పౌలు చెప్పింది చూడండి. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లు, ముందు పెట్టింది ఏమీ అడక్కుండా తిను అన్నాడు. ‘ఇది అర్పించినది’ అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి కోసం తినకు అన్నాడు. అందుకని పెద్దల ముందు పెట్టింది మీరు తీసుకోకండి. పొయ్యి దగ్గర ఉన్నది అందరితో కూర్చుని తినండి. ఈ మాట పండగనాడు పదిమందిలో కాదు, ఇవాళే అత్తయ్యగారికి విడిగా చెప్పండి. ‘మీ మీద గౌరవం తగ్గి కాదు అత్తయ్యా, నేను మొక్కేది ఒక్కరికే’ అనండి.

కాలర్: దణ్ణం పెట్టేటప్పుడు పక్కన నిలబడితే?

అయ్యగారు: రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సేనాపతి నయమాను ఉన్నాడు కదా. కుష్ఠం పోయాక ప్రవక్త ఎలీషాను ఇదే అడిగాడు. ‘మా రాజు నా చేతి మీద ఆనుకుని రిమ్మోను దేవుడి గుడికి వెళ్తాడు, నేనూ వంగాల్సి వస్తుంది, దేవుడు క్షమిస్తాడా’ అని. ఎలీషా అతన్ని తిట్టలేదమ్మా. సమాధానంతో వెళ్లు అన్నాడు. ఆ గదిలోకే వెళ్లొద్దు అనే దైవసేవకులు చాలామంది ఉన్నారు, వాళ్లను నేను తక్కువ చేయను. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ కాసేపు పిల్లల్ని చూసుకోండి. ఇంట్లో మాత్రం గొడవ పెట్టుకోకండి.

నిర్వాహకురాలు: కంచరపాలెం నుంచి ఒక మెసేజ్. ‘డిసెంబర్ 25 బైబిల్లో లేదని మా తమ్ముడు ఇంటి మీద కట్టిన స్టార్ పీకేశాడు. అమ్మ ఏడ్చింది. ఎవరిది కరెక్ట్?’

అయ్యగారు: తేదీ బైబిల్లో లేదు, తమ్ముడు చెప్పింది నిజమే. రోమ్‌లో 354 నాటి ఒక పట్టికలో డిసెంబర్ 25 కనిపిస్తుంది. ఆ రోజే ఎందుకన్నదాని మీద పండితుల్లో ఇప్పటికీ వాదన ఉంది. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమే అంటాడు, ఎవరి మనసులో వాళ్లు నిశ్చయించుకోండి అని రోమా 14లో ఉంది. పాటించకపోవడం అతని ఇష్టం. అమ్మ కట్టుకున్న స్టార్ పీకే హక్కు మాత్రం ఆ వచనం ఇవ్వదు. వెళ్లి అమ్మ కాళ్లు పట్టుకోమనండి.

నిర్వాహకురాలు: మద్దిలపాలెం నుంచి ఒక చెల్లి. పేరు చెప్పక్కర్లేదమ్మా.

కాలర్: అయ్యగారూ, నాకు ప్రధానం, అదే నిశ్చితార్థం, అయ్యింది. పెళ్లి మేలో. ఆయన... ఇక మనం భార్యాభర్తలమే కదా, ఇప్పుడు దగ్గరైతే తప్పేంటి అంటున్నారు. వద్దంటే నమ్మకం లేదా అంటారు.

అయ్యగారు: యోసేపు, మరియ కూడా ప్రధానమైనవాళ్లే. ఆ రోజుల్లో అది మన ప్రధానం కంటే గట్టిది, తెంచుకోవాలంటే విడాకులే ఇవ్వాలి. అయినా వాళ్లు ఏకం కాలేదని మత్తయి మొదటి అధ్యాయం చెబుతోంది. పెళ్లి దాకా ఆగడం మీకు బరువు కాదమ్మా, భద్రత. ఇంకో మాట. మొదటి థెస్సలొనీకయ 4లో పౌలు ఈ విషయం మాట్లాడుతూ, ఇందులో ఎవడూ ఎదుటివాడికి అన్యాయం చేయకూడదు అన్నాడు. మీరు వద్దన్నాక మళ్లీ మళ్లీ అడగడం కూడా ఆ అన్యాయంలోకే వస్తుంది. ఇప్పుడు వద్దంటే వినని మనిషి పెళ్లయ్యాక వింటాడా అన్నది మీరు ఆలోచించాలి.

కాలర్: ఒకవేళ... ఇప్పటికే ఒకసారి...

అయ్యగారు: అయితే దేవుడు మిమ్మల్ని తోసేయడు తల్లీ. ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు, మొదటి యోహాను 1:9. ఒకసారి జరిగింది కాబట్టి ఇక కాదనే హక్కు పోయిందని ఎవరన్నా నమ్మొద్దు. ఇద్దరూ వచ్చి మీ సంఘంలో నమ్మకస్తులైన పెద్ద దంపతులతో మాట్లాడండి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి.

నిర్వాహకురాలు: భీమిలి వైపు నుంచి ఒక అమ్మ చాలాసేపటి నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: అయ్యగారూ, మా అక్క కూతురండి. పదహారేళ్లు. మా సంఘంలోవాడే ఒకడు దాన్ని... పాడు చేశాడండి. ఊళ్లో పెద్దలు...

నిర్వాహకురాలు: అమ్మా, ఒక్క నిమిషం. ఊరు, సంఘం, పాప పేరు ఏదీ చెప్పకండి. పాప ఎవరో తెలిసే మాట బయటికి రాకూడదు.

కాలర్: చెప్పనండి. సంఘ పెద్దలు కూర్చుని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం తీశారు. 28, 29 వచనాలు చదివారు. యాభై వెండి రూకలిచ్చి పెళ్లి చేసుకోవాలని దేవుడే చెప్పాడు, వాడికే ఇచ్చి చేసేయండి, పరువు నిలుస్తుంది అన్నారు. మా బావ ఊగుతున్నాడు. పిల్ల అన్నం మానేసింది. ఏటి చెయ్యాలో తెలీట్లేదండి.

అయ్యగారు: చేయకూడదమ్మా. ఆ పెళ్లి జరగకూడదు. ముందు ఇది వినండి, తర్వాత వచనం సంగతి చెబుతాను. పాపకు పదహారేళ్లే కాబట్టి ఆ పెళ్లే చట్టవిరుద్ధం. జరిగింది పిల్లలపై లైంగిక నేరాలకు ఉన్న 2012 నాటి పోక్సో చట్టం కిందికి వచ్చే నేరం. తెలిసి కూడా పోలీసులకు చెప్పనివాళ్లకు శిక్ష ఉంది, ఆ పెద్దలకైనా సరే. మీరు చెప్పారు కాబట్టి ఇప్పుడు నాకూ ఆ బాధ్యత ఉంది. పెళ్లితో రాజీ చేసుకుంటామంటే అత్యాచారం కేసులో కుదరదని సుప్రీంకోర్టు 2015లో గట్టిగా చెప్పింది.

కాలర్: మరి వచనం? దేవుడి మాటను కాదంటున్నామని వాళ్లు...

అయ్యగారు: ఆ పెద్దలు మూడు వచనాలు ముందు నుంచి చదవాలి. 25వ వచనంలో, పొలంలో ఒకడు ప్రధానమైన చిన్నదాన్ని బలవంతం చేస్తే వాడే చావాలి, ఆమెలో పాపం లేదు అని ఉంది. అది ఒకడు పొరుగువాడి మీద పడి చంపడం లాంటిదట. ఆమె కేకలు వేసినా రక్షించేవాడు లేకపోయాడని కూడా రాశారు. ఇక 28, 29. ఆ కాలంలో చెడిందని పేరుపడిన పిల్లకు తిండి పెట్టేవాడు ఉండడు. అందుకని ఆ మగవాడి మెడకు జీవితాంతం బాధ్యత కట్టారు, విడిచిపెట్టే హక్కు తీసేశారు. వాడిని కట్టడి చేసిన చట్టం అది, పాపను కట్టేసేది కాదు. ఒక కన్యను మోసపుచ్చినవాడి గురించి నిర్గమకాండం 22:17 చూడండి, పిల్లనివ్వనని తండ్రి అనవచ్చు. మీ బావగారికి ఆ వచనం చూపించండి. ఇంత చెప్పినా ఆ మాటలు చదువుతుంటే నా గుండె బరువెక్కుతుంది, తేలికైన వచనమని నేను అనను. కానీ అదే అధ్యాయంలో ఉన్ని, నార కలిపి నేసిన బట్ట కట్టొద్దనీ ఉంది. దాని మీద ఏ సంఘమూ పంచాయితీ పెట్టదు. పిల్ల బతుకు దగ్గరికొచ్చేసరికి ఒక్క వచనం తుంచి తెస్తారు. 1805లో వచ్చిన మిషనరీలు ఈ విశాఖలో కూర్చునే లేఖనాలను తెలుగులోకి తెచ్చే పని చేశారు, అందరూ మొత్తం చదువుకోవాలనే కదమ్మా.

కాలర్: పిల్లను నోరు మూసుకోమంటున్నారండి.

అయ్యగారు: తామారుకూ అదే చెప్పారు. రెండో సమూయేలు 13. సవతి అన్న అమ్నోను ఆమెను చెరిచాడు, తండ్రి దావీదు రాజుకు కోపం వచ్చింది, చేసింది ఏమీ లేదు. సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. ఆ పిల్ల అన్న ఇంట్లో దిక్కులేనిదిగా ఉండిపోయింది. రెండేళ్లకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు. ఊరుకోవడం వల్ల వచ్చింది అదే.

నిర్వాహకురాలు: అమ్మా, రాసుకోండి. పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, అత్యవసరానికి 112. మీ పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. పాప స్టేషన్‌కు రానక్కర్లేదు, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకుంటారు. వీలైనంత వరకు మహిళా అధికారే వస్తారు, యూనిఫాంలో రాకూడదు. ప్రభుత్వాసుపత్రయినా ప్రైవేటయినా వైద్యం ఉచితంగా చేయాల్సిందే. ఆ రోజు బట్టలు ఉతక్కపోతే అలాగే ఉంచండి.

అయ్యగారు: పాప ఇప్పుడు ఎక్కడుంది?

కాలర్: ఇంట్లోనే. వాళ్లు రేపు మళ్లీ వస్తామన్నారు.

అయ్యగారు: రేపటి దాకా ఆగకండి. ఈ రాత్రే మీ ఇంటికి తీసుకెళ్లండి. ‘నీ తప్పేం లేదు’ అని దాని మొహం చూసి చెప్పండి, ముందు మీరు, తర్వాత వాళ్ల నాన్న. ప్రార్థన దాని దగ్గర కూర్చుని చేయండి, ప్రశ్నలు వేయకండి.

కాలర్: మా ఆయన బండి తీస్తున్నారండి. మా అక్కకు నేను చెప్తాను.

నిర్వాహకురాలు: ఫోన్ పెట్టేయకండమ్మా. ఈ లైన్ ప్రసారం నుంచి తీసేస్తున్నాం, అయ్యగారు మీతోనే మాట్లాడతారు, 1098కి కూడా ఇక్కడి నుంచే కలుపుతాం. మిగతా కాలర్లు దయచేసి వచ్చే వారం చేయండి.